తాటాకు పాకలో ఎన్నాళ్లు? తుఫానుకు నిలిచే ఇల్లు కావాలి

అక్టోబరు, నవంబరు వచ్చిందంటే కోస్తా కూలిపేటల్లో నిద్ర పట్టదు. రేడియోలో వాయుగుండం మాట వినపడగానే తల్లులు పిల్లల్నీ, బియ్యం డబ్బానీ దగ్గరకు లాక్కుంటారు. మగవాళ్లు నిట్రాడకు మరో తాడు కడతారు. పాక కప్పు మీద వలలు, కొబ్బరిమట్టలు వేసి, వాటి మీద రాళ్లు పెడతారు. ఇంతకు మించి ఆ కుటుంబం చేయగలిగింది లేదు. అదే ఊళ్లో నాలుగు వీధుల అవతల, స్లాబు వేసుకున్న ఆసామి తలుపులు బిగించుకుని పడుకుంటాడు. వచ్చే గాలి ఒక్కటే. అది పడగొట్టేది మాత్రం అందరి ఇళ్లూ కాదు.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచిన రోజు. సుమారు పదహారు అడుగుల ఎత్తున లేచిన సముద్రం పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఎదురుమొండి ప్రాంతాల్లో పేటలకు పేటలే ఊడ్చిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. అది వరి కోతల కాలం. చనిపోయినవారిలో అత్యధికులు వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు, పేద రైతులు. బతికినవారిలో చాలామంది చెట్టెక్కి బతికారు, లేదా గట్టి కట్టడం ఏదో ఒకటి దొరికి దాని మీద నిలబడి బతికారు. ఆనాడు దివిసీమలో గుడి, బడి, డాబా ఇల్లు ప్రాణానికి ఆధారమయ్యాయి. గుడిసెలు మాత్రం నేలమట్టమయ్యాయి.

ఇది ఒక్క దివిసీమ కథ కాదు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్ఫై వేల మంది పోయారు. 1990 మే తుఫాను, 1996 నవంబరు 6న కోనసీమను కుదిపిన తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళాన్ని దెబ్బతీసిన తిత్లీ, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా. పేర్లు మారాయి, ఏళ్లు మారాయి. తుఫాను వెళ్లిన మర్నాడు పునరావాస కేంద్రం నుంచి ఇంటికి వచ్చి కప్పు లేని గోడల మధ్య నిలబడే మనిషి మాత్రం మారలేదు. అతను కూలీయే.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్రాణనష్టం తగ్గింది. ముందుగా హెచ్చరికలు వస్తున్నాయి, జనాన్ని తరలిస్తున్నారు. ఒడిశాలో 1999 అక్టోబరు 29 నాటి పెను తుఫానుకు సుమారు పదివేల మంది బలైతే, అదే రాష్ట్రంలో 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించడం వల్ల మరణాలు పదుల్లో ఆగాయి. మంచిదే. కానీ ప్రాణం దక్కించుకుని తిరిగి వచ్చిన మనిషికి గూడు లేకపోతే ఆ బతుకు ఎలా గడవాలి? మళ్లీ అప్పు, మళ్లీ తాటాకు, మళ్లీ వెదుళ్లు. ఆ అప్పు తీరకుండానే ఇంకో తుఫాను. ఈ చక్రాన్ని విరగ్గొట్టాలంటే గాలికి నిలిచే ఇల్లు కావాలి.

గాలి ఏం చేస్తుంది?

గాలి ఇంటిని తోసి పడేస్తుందని అనుకుంటాం. అది సగమే నిజం. గాలి ఎదురుగోడను తోస్తుంది, కానీ కప్పును పైకి లాగుతుంది. కప్పు మీదుగా గాలి జోరుగా పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి, కప్పు పైకి లేస్తుంది. అందుకే తుఫానులో ముందు పోయేది కప్పు. కప్పు పోయాక గోడలకు పైన పట్టు ఉండదు. అవి ఒకదాని తర్వాత ఒకటి ఒరుగుతాయి.

గాలి వేగం రెట్టింపైతే దాని బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలికి తట్టుకున్న పాక 180 కిలోమీటర్ల గాలికి నాలుగింతల దెబ్బ తినాలి. మన కోస్తాకు ఇంజనీర్లు లెక్కకు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు సరిగ్గా 180 కిలోమీటర్లు. ఆ గాలి ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బలం చూపిస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రభుత్వం పేదలకు ఇచ్చే ఇల్లు 25 చదరపు మీటర్లు అనుకుందాం. దానిమీద సిమెంటు రేకులు వేస్తే చదరపు మీటరుకు 15 కిలోల చొప్పున కప్పు బరువు మొత్తం 375 కిలోలు. గాలి దాన్ని పైకి లాగే బలం 3,750 కిలోలు. పదింతలు! నాలుగు కొక్కేలు, రెండు రాళ్లు దాన్ని ఆపగలవా? అదే ఇంటికి నాలుగు అంగుళాల కాంక్రీటు స్లాబు వేస్తే చదరపు మీటరుకు 250 కిలోల చొప్పున ఆరు టన్నులకు పైగా బరువు. స్లాబు తన బరువుతోనే నిలబడుతుంది. డాబా ఇంటి ఆసామి నిశ్చింతగా నిద్రపోవడానికి కారణం ఇదే. ఇందులో అదృష్టం లేదు, దేవుడి దయ లేదు. బరువు ఉంది, ఇనుము ఉంది, సిమెంటు ఉంది. వాటిని కొనే డబ్బు ఉంది.

తేలిక కప్పుకు పెద్ద భవనమైనా ఒకటే, చిన్న ఇల్లయినా ఒకటే. హుద్‌హుద్ నాడు విశాఖ విమానాశ్రయం కప్పే చిరిగిపోయిందంటే రేకుల షెడ్డులో ఉన్నవాళ్ల గతి చెప్పాలా?

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. ఉత్తర కోస్తాలో కట్టుకునే చుట్టిల్లు చూడండి. గుండ్రని మట్టిగోడ, భూమికి దగ్గరగా దిగిన కప్పు. గాలి కొట్టడానికి నిలువు గోడ గానీ, మూల గానీ దొరకదు. పక్కలనుంచి జారిపోతుంది. అది పేదవాడి తెలివి. కానీ రోజుల తరబడి వానకు నానితే మట్టిగోడ కరుగుతుంది, ఉప్పెనకు కొట్టుకుపోతుంది. తెలివి ఉంది, సరుకు లేదు. కాంక్రీటు ఆ లోటు తీర్చగలదు.

స్లాబు వేస్తే చాలా?

చాలదు. "పైన స్లాబు పడిందిగా, ఇంకేం భయం" అని కాంట్రాక్టరు చెబితే నమ్మవద్దు. తుఫాను ఇంట్లో బలహీనమైన చోటు వెతుకుతుంది.

మొదటిది తలుపులు, కిటికీలు. గాలి ఎదురుగా ఉన్న తలుపు ఊడితే గాలి ఇంట్లోకి దూరి లోపలినుంచి కప్పును పైకి నెడుతుంది. పైనుంచి లాగుడు, లోపలినుంచి తోపుడు కలిస్తే కప్పు మీద బలం ఒకటిన్నర రెట్లు కూడా కావచ్చు. అప్పుడు మనం పైన చెప్పిన ఆరు టన్నుల స్లాబు మీద దాదాపు అయిదున్నర టన్నుల లాగుడు పడుతుంది. అంటే స్లాబు బరువు కూడా అంచుకు వచ్చేసినట్లే. గాలి ఇంకొంచెం పెరిగితే ఆ అంచు కూడా దాటుతుంది. కాబట్టి పల్చటి చెక్క తలుపు, ఒక్క గడియ పెట్టి బిల్లు చేసుకోవడం ప్రాణాలతో ఆటాడడమే. గట్టి తలుపు, గోడలోకి లోతుగా దిగిన హోల్డుఫాస్టులు, పైనా కిందా గడియలు ఉండాలి.

రెండోది కట్లు. బండి చక్రానికి ఇనప పట్టా ఎందుకు వేస్తాం? ఆకులు, పూటీలు ఎంత బాగా చెక్కినా పట్టా లేకపోతే రెండు మైళ్లు పోగానే విడిపోతుంది. ఇల్లు కూడా అంతే. పునాది మట్టంలో ఒకటి, కిటికీల పైన లింటెల్ మట్టంలో ఒకటి, కప్పు కింద ఒకటి, ఇల్లంతా చుట్టూ తిరిగివచ్చే కాంక్రీటు కట్టు వేయాలి. కిటికీ పైన ముక్కలు ముక్కలుగా లింటెల్ వేస్తే లాభం లేదు, నాలుగు గోడలనూ కలుపుతూ ఒకే పట్టాలా సాగాలి. మూలల దగ్గర పునాదినుంచి కప్పు కట్టు దాకా నిలువు చువ్వలు లేవాలి. స్లాబు చువ్వలు ఆ కట్టుతో కలవాలి. అప్పుడే కప్పు, గోడ, పునాది ఒకే మోపు అవుతాయి. లేకపోతే ఒకదానిమీద ఒకటి పేర్చిన బరువులు మాత్రమే.

మూడోది గోడలు. ఖర్చు మిగుల్చుకోవాలని నాలుగున్నర అంగుళాల గోడ కడుతున్నారు. పిల్లర్లు, కట్లు లేని ఆ గోడ పెనుగాలికి ఆగదు. కట్టితే తొమ్మిది అంగుళాల గోడ కట్టాలి, లేదా మూలల్లో పిల్లర్లు లేపాలి. కిటికీలు, తలుపులు మూలకు ఆనించి పెట్టకూడదు. మూల బలహీనమైతే గోడ విప్పుకుంటుంది. ముందుకు సాగిన చూరు, గాలి పట్టుకునే సన్షేడ్లు పొదుపుగా ఉండాలి.

నాలుగోది పునాది. డెల్టా నల్లమట్టి ఎండకు బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. పైన ఎంత గట్టిగా కట్టినా కింద నేల కదిలితే గోడ పగులుతుంది. ఉప్పెన నీరు వెనక్కు తీసేటప్పుడు పునాది పక్క మట్టిని తోడుకుపోతుంది. అలాంటి నేలల్లో లోతుకు దిగే చిన్న పైల్స్ వేసి, వాటిని బీముతో కలిపి, దానిమీద గోడ లేపడం మంచి పద్ధతి.

ఇవేవీ కొత్త రహస్యాలు కావు. చిన్న ఇళ్లు తుఫానుకు ఎలా నిలవాలో భారత ప్రమాణాల సంస్థ 2004లోనే నియమాలు అచ్చువేసింది. పుస్తకం ఉంది. పేదవాడి ఇంటిదాకా అది నడిచి రావడం లేదు.

లోపలి శత్రువు: ఉప్పు

కోస్తాలో ఇంకో సంగతి ఉంది. పదేళ్ల స్లాబు కింద నిలబడి చూస్తే పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన చువ్వలు కనబడతాయి. కప్పు ఉన్నట్లే ఉంటుంది, బలం ఉండదు. దీనికి కారణం ఉప్పు. గాలిలో ఉప్పు, నేలలో ఉప్పు, బోరు నీటిలో ఉప్పు. ఉప్పు చేరిన చోట చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. తుఫాను ఒక రాత్రిలో చేసే పనిని ఉప్పు పదేళ్లు తీసుకుని చేస్తుంది. దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట కట్టిన తుఫాను షెల్టర్లలో చాలావాటికి పట్టిన గతి ఇదే.

దీన్ని ఆపే మార్గాలు పనిచేసే చేతుల్లోనే ఉన్నాయి. సముద్రపు ఇసుక వాడకూడదు. ఉప్పునీటితో కాంక్రీటు కలపకూడదు, ఉప్పునీటితో తడపకూడదు. మంచినీళ్లు మోసి తేవడం కష్టమని పక్కనున్న కాలువలో నీళ్లు తోడి కలిపేస్తారు. ఆ ఒక్క రోజు కష్టం తప్పించుకుంటే ఇంటి ఆయువు సగానికి సగం తెగుతుంది.

నీళ్లు ఎక్కువ పోస్తే మాలు సుళువుగా జారుతుంది, పని తొందరగా అవుతుంది, కానీ ఎండాక లోపల సందులు మిగిలి ఉప్పుకు దారి ఇస్తాయి. 2000 సంవత్సరపు కాంక్రీటు నియమావళి ప్రకారం తీరప్రాంతంలో యాభై కిలోల సిమెంటు కట్టకు ఇరవై రెండున్నర లీటర్లకు మించి నీరు పోయకూడదు. ఇసుకలో ఉన్న తడి కూడా అందులోకే వస్తుంది. చువ్వకు బయటివైపు 45 మిల్లీమీటర్లు, అంటే పావు తక్కువ రెండు అంగుళాలకు కాస్త అటూ ఇటుగా, కాంక్రీటు కవరు ఉండాలి. అంత కవరు ఇవ్వాలంటే నాలుగు అంగుళాల స్లాబు చాలదు, అయిదు అంగుళాలు వేయాల్సి వస్తుంది. మన ఇళ్ల దగ్గర ఏం జరుగుతోంది? చువ్వల కింద కంకర రాయి ముక్క పెట్టి, దాన్నే కవరు అంటున్నారు. తొక్కిడికి ఆ రాయి జారిపోతే చువ్వ సెంట్రింగు చెక్కకు ఆనుకుంటుంది. సెంట్రింగు విప్పేసరికి చువ్వ కింద నుంచి కనబడుతూనే ఉంటుంది. దానిమీద సిమెంటు పాలు పూసి బిల్లు పెడతారు.

ఇక తడపడం. స్లాబు పోశాక కనీసం వారం, ఎండలు మండితే పది రోజులు, కలిపిన సిమెంటు రకమైతే రెండు వారాలు తడి ఆరకుండా చూడాలి. గట్లు కట్టి నీళ్లు నిలపాలి, గోడలకు, పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడపాలి. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. మంచినీళ్లు, ఓపిక కావాలి. బిల్లు వచ్చేసిన కాంట్రాక్టరుకు ఆ ఓపిక ఉండదు.

ఉప్పెనకు ఇల్లు సమాధానం కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. మంచి కాంక్రీటు ఇల్లు గాలికి నిలుస్తుంది. ఉప్పెన మాట వేరు. ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను బరువు. పదహారు అడుగుల నీరు దూసుకువస్తే ఒక్క అంతస్తు ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నవాళ్లు ఇల్లు కూలకపోయినా మునిగిపోతారు. కాబట్టి "మాకు స్లాబు ఉంది, కదలం" అనకూడదు. ఉప్పెన హెచ్చరిక వస్తే కదలాల్సిందే. నీటికి దారి ఇచ్చేలా స్తంభాలమీద లేపిన ఎత్తైన షెల్టరు, దానికి వానలోనూ నడవగలిగే రోడ్డు, పశువులకు మట్టి దిబ్బ, ఇవి ఇంటితోపాటు కావాలి. షెల్టర్లను మామూలు రోజుల్లో బడిగానో, కేంద్రంగానో వాడితే తలుపులు, తాళాలు, మరుగుదొడ్లు బాగుంటాయి. తాళం వేసి వదిలేస్తే అవసరమైన రాత్రి తాళంచెవి దొరకదు. తీరాన మడ అడవులు నిలిస్తే అల జోరు తగ్గుతుంది. వాటిని నరికి చెరువులు తవ్వినవాళ్ల లాభం ఒకచోట, ఉప్పెన దెబ్బ మరోచోట పడుతోంది.

క్యూబా అనుభవం మనకు పనికివస్తుంది. 2008 ఆగస్టు చివర గుస్తావ్ అనే పెను తుఫాను ఆ చిన్న దేశాన్ని కొట్టింది. ఊరూరా ప్రజలే నిర్మించుకున్న రక్షణ ఏర్పాట్ల వల్ల ఒక్క ప్రాణం పోలేదు. అయినా లక్షకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. తరలింపు ప్రాణాన్ని కాపాడుతుంది, బతుకును ఇల్లు కాపాడుతుంది. రెండూ కావాలి, ఒకదానికి ఒకటి బదులు కాదు.

డబ్బు ఎవరిది? స్థలం ఎవరిది?

అసలు సమస్య ఇక్కడుంది. ఇళ్ల పథకాలు లేక కాదు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ పెట్టింది. 2016లో దాని స్థానంలో వచ్చిన గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతానికి ఇంటికి లక్షా 20 వేలు, కొండ, కష్టతర ప్రాంతాలకు లక్షా 30 వేలు అని ఖరారు చేశారు. కొండమీద సామాను మోయడం కష్టమని పదివేలు అదనంగా ఇవ్వడం సబబే. మరి సముద్రం ఒడ్డున? అక్కడ సిమెంటు ఎక్కువ పడాలని, చువ్వకు కవరు పెరగాలని, స్లాబు మందం కావాలని ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. ఇచ్చే సొమ్ము మాత్రం తీరానికి, లోపలి ఊరికి ఒకే కొలత. ఒక చేత్తో నియమం రాసి, మరో చేత్తో ఆ నియమం పాటించలేనంత తక్కువ ఇస్తే పేదవాడు ఏం చేయాలి? వడ్డీకి అప్పు తెస్తాడు, లేదా చువ్వ తగ్గిస్తాడు. రెండూ అతని మెడకే.

ఇంతకంటే ముందుమాట స్థలం. కూలీకి ఇల్లు ఎక్కడ కట్టాలి? ఊరి మెరక మీద స్థలాలు ఎవరివో మనకు తెలుసు. కూలిపేటకు దక్కేది కాలవగట్టు, డ్రెయిను పక్క, చౌడు పర్ర, పోరంబోకు పల్లం. పట్టా లేకపోతే పథకం లేదు, పథకం లేకపోతే స్లాబు లేదు. పట్టా వచ్చినా పల్లంలో ఇస్తే ఏటా వాన నీళ్లు ఇంట్లోకే వస్తాయి. మెరక చేయడానికి మట్టి ఖర్చు ఎవరు పెట్టాలి? అందువల్ల తుఫానుకు నిలిచే ఇల్లు అనేది సిమెంటు సమస్య మాత్రమే కాదు, భూమి సమస్య.

ఇంకో మాట. వ్యవసాయ పనులు లేని నెలల్లో మన కూలీలే కాంక్రీటు ముఠాల్లో చేరి పట్నాల్లో స్లాబులు పోస్తున్నారు. తట్ట మోసేది వాళ్లు, కంకర కలిపేది వాళ్లు, మేడమీద మేడ లేపేది వాళ్లు. సాయంత్రం పని దిగి వచ్చి పడుకునేది తాటాకు కింద. స్లాబు ఎలా పోయాలో ఈ రాష్ట్రంలో వాళ్లకంటే బాగా తెలిసినవారు ఎవరున్నారు? కాబట్టి తమ ఇంటి పని జరిగేచోట వాళ్లు చేతులు కట్టుకుని నిలబడనవసరం లేదు.

మనం ఏం చేయాలి

మొదట పని దగ్గర నిఘా. ఇల్లు మంజూరైన ప్రతి పేటలో అయిదారుగురితో కమిటీ వేసుకోండి. అందులో ఆడవాళ్లు తప్పక ఉండాలి, ఇంటి దగ్గర రోజంతా కనిపెట్టి ఉండేది వాళ్లే. కట్టకు ఎన్ని తట్టల ఇసుక, ఎన్ని తట్టల కంకర, ఎన్ని బిందెల నీరు పోస్తున్నారో లెక్కపెట్టండి. నీరు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉంటే పని ఆపండి. స్లాబు పోసే ముందు చువ్వ కింద సిమెంటు బిళ్లలు ఉన్నాయో లేదో చూడండి. లింటెల్ కట్టు ఇల్లంతా చుట్టిందా, మూల చువ్వలు పునాదినుంచి లేచాయా అని అడగండి. అడగడం మన హక్కు, ఆ డబ్బు ప్రజల డబ్బు.

రెండోది, స్లాబు వచ్చేదాకా రేకులు, పాకలే గతి అయిన వాళ్లు ఉన్నారు. వాళ్లు రేకుల అంచుల దగ్గర, మూలల దగ్గర కొక్కేలు దగ్గర దగ్గరగా బిగించాలి. వాసాలను గోడకు ఇనుప పట్టీలతో కట్టాలి. గుంజలను లోతుగా పాతి, ఏటవాలు కర్రలు బిగించాలి. నాలుగు వైపులా వాలిన కప్పు రెండు వాలుల కప్పుకంటే మేలు.

మూడోది, సంఘంగా అడగవలసినవి. తీరప్రాంత ఇళ్లకు ప్రమాణాలకు తగిన అదనపు సొమ్ము. మెరక మీద ఇంటి స్థలం, ఇంటి ఆడమనిషి పేర పట్టా. తుఫాను పోయిన ఊళ్లలో తాత్కాలిక పాక సాయం కాకుండా పక్కా ఇల్లు. కాంక్రీటు కలపడానికి, తడపడానికి ట్యాంకర్లతో మంచినీరు. పాత షెల్టర్లకు మరమ్మతు, కూలే స్థితిలో ఉన్నవాటి స్థానంలో కొత్తవి. పరీక్ష చేయకుండా బిల్లు ఇచ్చిన అధికారిపైనా, దొంగ పని చేసిన కాంట్రాక్టరుపైనా చర్య.

తుఫాను రాకుండా ఎవరూ ఆపలేరు. అది ఏ ఇంటిని పడగొట్టాలో మాత్రం సముద్రం నిర్ణయించడం లేదు. స్థలం ఎవరికి, సిమెంటు ఎవరికి, చువ్వ ఎవరికి అని పంచేవాళ్లు నిర్ణయిస్తున్నారు. ఆ పంపకంలో మన వాటా మనం అడిగి తీసుకోవాలి. వచ్చే కార్తీకానికి వాయుగుండం మాట వినపడినప్పుడు కూలిపేటలో తల్లి పిల్లల్ని దగ్గరకు లాక్కోవడం మానదు. కానీ ఆమె తలమీద కప్పు నిలిచి ఉంటుందో లేదో ఇవాళ మనం చేసే పనిని బట్టి ఉంటుంది.